నెట్ పోయేది ఎవరి వల్ల?

నెట్ పోయిందంటే మనవాళ్ళు ముందు వైరుని వెతకరు, మనిషిని వెతుకుతారు. ఇంట్లో అయితే పిల్లాడు, ఆఫీసులో అయితే అందరికన్నా వెనక చేరినవాళ్ళు. "వాళ్ళు రాకముందు బానే ఉండేది" అన్న ఒక్క మాటతో తీర్పు అయిపోతుంది. ఐటీలో పనిచేసే మనం మాత్రం ఏం తక్కువ? ప్రొడక్షన్ పడిపోయిందనగానే "నిన్న డిప్లాయ్ చేసింది ఎవరు?" అని అడుగుతామా లేదా?

చాలాసార్లు ఆ ప్రశ్న సబబే. కానీ దానికి తప్పుడు జవాబు ఎంత తేలిగ్గా దొరుకుతుందో 2025 మార్చిలో గుంటూరులో ఒక మిర్చి కమీషన్ ఆఫీసులో మూడు రోజులు కూర్చుని చూశాను. ఆఫీసు మా మేనమామది. కొట్టు పేరు, నంబరు ఇక్కడ అనవసరం.

గుంటూరు మిర్చి యార్డు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అని దానికి పేరు. సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు రోజుకి లక్ష టిక్కీలు కూడా దాటి వస్తాయి. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం, నలభై కిలోల పైమాటే ఉంటుంది. రైతు రాత్రి లారీ ఎక్కించిన సరుకు తెల్లారేసరికి కమీషన్ కొట్టు ముందు దిగుతుంది. పొద్దున్నే కొనేవాళ్ళు వచ్చి, మచ్చు తీసి చూసి, ధర చెప్తారు. బేరం కుదిరాక కాటా. ఆ తూకాలు ఆఫీసుకి వస్తే కంప్యూటర్లో ఎక్కించి, ఖర్చులు పోను రైతుకి ఎంత రావాలో చూపించే కాగితం ప్రింటు తీస్తారు. దాన్ని తక్‌పట్టీ అంటారు, వాడుకలో పట్టీ. అది చేతికొస్తేగానీ రైతుకి ఆ రోజు పని అయినట్టు కాదు.

పైగా అది మామూలు ఏడాది కాదు. అంతకుముందు సీజన్లలో క్వింటాలు 20 వేల పైన కూడా అమ్ముకున్న రైతులు 2025లో సగం ధరకి దిగిపోయారు. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అసలే మంట మీద ఉన్న రైతుని, "నెట్ రాలేదు, పట్టీ ఇంకో గంట పడుద్ది" అని కూర్చోబెడితే ఎలా ఉంటుంది? దర్శి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "మా కాయ ఎండింది గానీ మీ మిషను ఎండలేదా బాబూ" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ ఆయన ధ్యాసంతా ఆఖరి బస్సు మీద ఉంది.

ఇక ఆఫీసు సంగతి. తొమ్మిది డెస్క్‌టాప్‌లు, రెండు ప్రింటర్లు, రెండు చవకరకం స్విచ్‌లు, ఒక ఫైబర్ రౌటర్. తొమ్మిదింట్లో ఒకదాన్నే సర్వర్ అని పిలుస్తారు, లెక్కలన్నీ దాంట్లో ఉంటాయి. జనవరి నుంచి రోజూ మధ్యాహ్నం నెట్‌వర్క్ మొత్తం పడిపోతోంది. ఇంటర్నెట్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, పక్క గదిలో ఉన్న సర్వర్ కూడా అందట్లేదు. ప్రింటరుకి పంపింది ప్రింటరుకి చేరదు. గంటో గంటన్నరో అలా ఉండి, దానంతట అదే బాగవుతుంది.

మావయ్య దగ్గర నేరస్తురాలు అప్పటికే సిద్ధంగా ఉంది. జనవరిలో కొత్తగా చేరిన కంప్యూటర్ ఆపరేటర్. డిగ్రీ అయిపోయి, మొదటి ఉద్యోగం. ఆమె మీద ఉన్న సాక్ష్యాలు ఇవీ:

ఒకటి, ఆమె చేరిన నెలలోనే ఈ గోల మొదలైంది.

రెండు, అన్నం తినేటప్పుడు ఫోన్లో వీడియోలు చూస్తుంది. నెట్ పోయేది కూడా సరిగ్గా అప్పుడే.

మూడు, ఇది అన్నిటికన్నా గట్టిది. పెద్ద గుమస్తా గారు సీట్లో ఉంటే నెట్ పోదు. ఆయన కాటా దగ్గరకి వెళ్ళాక, ఈ అమ్మాయి ఒక్కతే పట్టీలు తీస్తున్నప్పుడే పోతుంది. ఆయన తిరిగొచ్చి కూర్చోగానే అన్నీ సర్దుకుంటాయి. ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి, హస్తవాసి అలాంటిది అని ఆఫీసులో అందరూ నమ్మేశారు :)

వైఫై పాస్‌వర్డ్ మార్చి ఆమెకి చెప్పలేదు. అయినా నెట్ పోతూనే ఉంది. ఒకరోజు గుమస్తా గారికి జ్వరమొచ్చి రాలేదు. ఆ రోజు నెట్ నిక్షేపంలా నడిచింది. దానికీ జవాబు ఉంది. "ముందురోజు తిట్టాను కదరా, భయపడి ఫోన్ ముట్టుకోలేదు." ఈ వారం చూసి ఆమెని మానిపించేద్దామని మావయ్య అనుకుంటున్నాడు. "ఏరా అల్లుడూ, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఓసారి చూసి చెప్పు" అని నన్ను పిలిచింది అసలు కారణం కనుక్కోవడానికి కాదు, ఆమె ఏం చేస్తోందో పట్టుకోవడానికి.

సాఫ్ట్‌వేర్ అంటే నెట్‌వర్క్ నుంచి మిక్సీ దాకా అన్నీ బాగుచేస్తామని మన ఇళ్ళలో నమ్మకం. సర్లే అని కూర్చున్నాను.

మొదటి రోజు ఏమీ మార్చలేదు, చూశానంతే. నెట్‌వర్క్ మొత్తం ఒకేసారి కూలిందంటే అందరికీ మొదట గుర్తొచ్చేది లూప్. ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌కి ఎవరో తగిలిస్తే, ఒక బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ తిరుగుతూ తిరుగుతూ తుఫాను అవుతుంది. కానీ లూప్ ఉంటే రోజంతా ఉండాలి, భోజనాల వేళకి వచ్చి పోదు. అయినా కేబుళ్ళన్నీ ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని కొసదాకా వెళ్ళి చూశాను. లూప్ లేదు. తర్వాత మూడు సిస్టంల నుంచి సర్వర్‌కి ఆగకుండా పింగ్ పెట్టి, టైంతో సహా ఫైల్లోకి పోయేలా చిన్న స్క్రిప్ట్ రాసి వదిలేశాను. సాయంత్రం అందరూ వెళ్ళాక ప్రతి సిస్టం ఎంఏసీ అడ్రస్ ఒక తెల్లకాగితం మీద రాసి, ఏది ఎవరి టేబులో పక్కన గుర్తుపెట్టుకున్నాను. ఆ ఆఫీసులో అలాంటి జాబితా ఉండటం అదే మొదటిసారి.

రెండోరోజుకి లాగ్ మాట్లాడింది. మామూలుగా ఒక మిల్లీసెకను లోపు వచ్చే జవాబు 1:34 నుంచి తడబడింది, 1:35కల్లా పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ 2:51కి ఠక్కున బాగైంది. మెల్లగా నీరసించి మెల్లగా కోలుకోవడం కాదు, ఎవరో స్విచ్ వేసి తీసినట్టు. గుమస్తా గారు కాటాకి లేచింది ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలకి. అంటే సరిగ్గా ముప్పై నిమిషాల తర్వాత మొదలైంది. ముప్పై నిమిషాలు అన్న అంకె చూడగానే మీలో కొందరికి ఈపాటికి వెలిగి ఉంటుంది.

మూడోరోజు మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్ స్విచ్‌కి తగిలించి, వైర్‌షార్క్ తెరిచి కూర్చున్నాను. 1:30 దాటింది. స్విచ్ మీద దీపాలన్నీ ఒకే తాళంలో టపటపా కొట్టుకోవడం మొదలైంది. తెర మీద ప్యాకెట్లు వరదలా పారుతున్నాయి, సెకనుకి వేలల్లో. అన్నీ ఒకే రకం, ఐపీవీ6 మల్టీకాస్ట్ లిజనర్ రిపోర్టులు. "ఈ గుంపుకి వచ్చే కబుర్లు నాక్కూడా కావాలి" అని ఒక సిస్టం నెట్‌వర్క్‌కి చెప్పుకునే చిన్న విన్నపం అది. ఎప్పుడో ఒకసారి చెప్పాల్సిన మాట. ఇక్కడ ఒకటే గొంతు ఆ ఒక్కమాటనే ఊపిరి తీయకుండా చెప్తోంది. ఎవరి కోసమో ఉద్దేశించిన ప్యాకెట్‌ని స్విచ్ వాళ్ళ పోర్టుకే పంపుతుంది. మల్టీకాస్ట్‌ని మాత్రం ఈ చవకరకం స్విచ్‌లు ఊళ్ళో టముకు వేసినట్టు అన్ని పోర్టులకీ పంపేస్తాయి. వైఫైలో ఇంకా ఘోరం, అక్కడ మల్టీకాస్ట్ అన్నిటికన్నా తక్కువ వేగంతో పోతుంది కాబట్టి గాలంతా దానికే సరిపోతుంది. ప్రింటరూ, రౌటరూ, సర్వరూ ఈ టముకు వింటూ కూర్చుని సొంత పని మానేశాయి.

పంపుతున్న ఎంఏసీ అడ్రస్ నా కాగితంతో పోల్చాను. ఆపరేటర్ అమ్మాయిది కాదు. పెద్ద గుమస్తా గారిది.

మావయ్యకి చూపిస్తే నమ్మలేదు. "అది ఆగిపోయుంది కదరా! మానిటర్ చూడు, నల్లగా ఉంది. ఆగిన బండి ఎక్కడన్నా గుద్దుద్దా?"

నేను మాట్లాడకుండా ఆ సిస్టం వెనక కేబుల్ పీకాను. స్విచ్ దీపాలు నెమ్మదించాయి. పక్కగదిలో ప్రింటర్ గొంతు సవరించుకుని, ఆగిపోయిన పట్టీలన్నీ వరసగా కక్కడం మొదలుపెట్టింది. కేబుల్ మళ్ళీ పెట్టాను, మళ్ళీ తుఫాను. ఈసారి కేబుల్ ముట్టుకోకుండా కీబోర్డ్ మీద ఒక మీట నొక్కాను. సిస్టం నిద్రలేచింది, తుఫాను ఆగింది. నిద్రపుచ్చాను, మొదలైంది. ఇలా మూడుసార్లు, మావయ్య చేతనే చేయించాను. గుమస్తా గారి హస్తవాసి అంటే అదన్నమాట. ఆయన వచ్చి మౌస్ కదిపితే సిస్టం మేలుకునేది.

నిద్రపోతున్న సిస్టం ఎలా మాట్లాడుతుంది అంటారా? స్లీప్‌లో ఉన్నా నెట్‌వర్క్ కార్డుకి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది, దూరం నుంచి లేపడానికి వీలుగా. యజమాని పడుకున్నాక వాకిట్లో కూర్చున్న కాపలావాడి లాగా, వచ్చినవాళ్ళకి ఒకటి రెండు మాటలు అదే జవాబు చెప్తుంది. 2013, 14 ప్రాంతంలో వచ్చిన కొన్ని డెస్క్‌టాప్‌ల కార్డుల్లో సరిగ్గా ఈ చోటే లోపం ఉండేది. సిస్టం స్లీప్‌లోకి వెళ్ళగానే ఈ రిపోర్టులు ఆపకుండా వదిలేవి. అప్పట్లోనే ఇది బయటపడి కొత్త డ్రైవర్ వచ్చింది. మావయ్య జనవరిలో మూడు సెకండ్‌హ్యాండ్ సిస్టంలు కొన్నాడు. అమ్మినవాడు పాత డ్రైవర్‌తోనే విండోస్ ఎక్కించి ఇచ్చాడు. మూడింట్లో ఒకటి గుమస్తా గారికి వెళ్ళింది.

జనవరిలోనే ఎందుకు కొన్నారు? కొత్త ఆపరేటర్ చేరుతోంది కాబట్టి. ఆమె చేరడమూ నెట్ పోవడమూ ఒకే నెలలో జరగడం నిజమే. వాటి మధ్య సంబంధం ఉండటమూ నిజమే. కానీ అది మావయ్య అనుకున్న సంబంధం కాదు. గుమస్తా గారికి జ్వరమొచ్చిన రోజు ఆ సిస్టం అసలు ఆన్ చేయలేదు, అందుకే నెట్ పోలేదు. సాక్ష్యాలు ఒక్కటీ అబద్ధం కాదు, తీర్పే అబద్ధం.

"మావయ్యా, మచ్చు తీయకుండా ఎవడన్నా నీ సరుకుని తాలు అంటే ఊరుకుంటావా?" అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. మిర్చి వ్యాపారంలో నాలుగు తరాల అనుభవం ఉన్న మనిషికి ఆ ప్రశ్న ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇది పల్లెటూరి కమీషన్ కొట్టు కథ అని తీసిపారేయకండి. 2007 ఆగస్టు 11న లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ నెట్‌వర్క్ పడిపోయి, విదేశాల నుంచి వచ్చిన 17,000 మందికి పైగా ప్రయాణికులు గంటల తరబడి ఇరుక్కుపోయారు. చాలామంది విమానాల్లోనే కూర్చుండిపోయారు. మొదట బయటి టెలికాం లైను మీద అనుమానంతో దాన్ని పరీక్షిస్తూ చాలా సమయం పోగొట్టుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, లోపల ఒక డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ కార్డు చెడిపోయింది. ఒక్క కార్డు!

ఇంకా వెనక్కి వెళ్తే 1980 అక్టోబరు 27. ఇంటర్నెట్‌కి అమ్మమ్మ లాంటి ఆర్పానెట్ మొత్తం కొన్ని గంటలపాటు ఆగిపోయింది. ఒక యంత్రం మెమరీలో కొన్ని బిట్లు రాలిపోయి, ఒకే స్టేటస్ సందేశానికి 44, 40, 8 అని మూడు వరస నంబర్లు పుట్టాయి. నంబర్లు 63 దాకా వెళ్ళి మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యే పద్ధతి కాబట్టి, 40 కన్నా 44 కొత్తది, 8 కన్నా 40 కొత్తది, మళ్ళీ 44 కన్నా 8 కొత్తది! ప్రతి యంత్రమూ "ఇది కొత్త కబురు" అనుకుంటూ పక్కదానికి అందిస్తూనే పోయింది. లైను మీద ప్రయాణంలో తప్పులు పట్టుకునే ఏర్పాటు ఉంది. మెమరీలో ఉండగా చెడితే పట్టుకునే ఏర్పాటు లేదు.

ఈ కథలో నన్ను ఆపేది చెడిపోయిన యంత్రం కాదు, మిగతావి. అవన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి, చెప్పిన పని తు.చ. తప్పకుండా చేశాయి. చెడ్డమాటని నమ్మకంగా మోసి ఊరంతా చేర్చింది అవే. మా మావయ్య ఆఫీసులోనూ అంతే. స్విచ్ తన పని తాను చేసింది. "ఆ అమ్మాయి వల్లే" అన్న మాటని ఒకరి నుంచి ఒకరికి మోసిన తొమ్మిది మందీ మంచివాళ్ళే. ఎవరూ ఆమె మీద పగబట్టలేదు. విన్నారు, పక్కవాళ్ళకి అందించారు. మధ్యలో ఎవరూ సరిచూడలేదు.

ఒక సిస్టం చెడిపోతే ఒక సిస్టం ఆగాలి. తొమ్మిదీ ఆగాయంటే, తప్పు ఆ ఒక్కదాన్ని దాటి ఏర్పాటులో ఉంది. కాబట్టి డ్రైవర్ మార్చి, స్లీప్ తీసేసి, నా పని అయిపోయిందని లేవలేదు. మిగతా రెండు సెకండ్‌హ్యాండ్ సిస్టంలకీ డ్రైవర్ మార్చాను. అవి ఎప్పుడూ మనుషుల చేతి కింద ఉండి నిద్రపోలేదు కాబట్టి బయటపడలేదంతే. ఒక స్విచ్ బదులు స్టార్మ్ కంట్రోల్ ఉన్న మేనేజ్డ్ స్విచ్ తెప్పించాను. ఏ పోర్టు నుంచైనా హద్దు మీరి బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ వస్తే అక్కడికక్కడే తొక్కిపెడుతుంది. దానికయిన ఖర్చు విని మావయ్య కొంచెం గొణిగాడు. మూడు నెలలు రోజూ గంటన్నర ఆగిన పట్టీల లెక్క వేసి చూపిస్తే ఊరుకున్నాడు.

ఆ అమ్మాయికి క్షమాపణ ఏమన్నా చెప్పాడా అంటే, అలాంటి అలవాటు మా ఇంట్లో మగవాళ్ళకి లేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు, "అమ్మాయ్, వైఫై పాస్‌వర్డ్ నీక్కూడా చెప్పమన్నాలే" అన్నాడు. "వద్దు సార్, నా ఫోన్లో డేటా ఉంది" అంది. అంతే. మావయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆమె నా దగ్గరకొచ్చి, "ఇదంతా ఒక కాగితం మీద రాసిస్తారా?" అని అడిగింది. ఎందుకమ్మా, అందరి ఎదుటా తేలిపోయింది కదా అన్నాను. "నోటితో తేలింది వచ్చే సీజన్‌కి ఎవరికీ గుర్తుండదు సార్. నెట్ మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు పోద్ది కదా" అంది.

మన కంపెనీల్లో దీన్ని ఆర్‌సీఏ అంటాం. మనుషుల్ని నిందించకుండా కారణం రాయాలని ట్రైనింగులు ఇస్తారు, టెంప్లేట్లు ఇస్తారు. మనం శుక్రవారం సాయంత్రం గబగబా నింపి పడేస్తాం. అది ఎవరికి ఎందుకు కావాలో నాకు అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నెలకి పది పన్నెండు వేల జీతం మీద ఉన్న మనిషికి ఆ కాగితం ఫార్మాలిటీ కాదు, రక్షణ.

తెలుగులోనే రాశాను, పేజీన్నర. ఏ తేదీన, ఏ టైంకి, ఏ సిస్టం, దాని అడ్రస్, ఎలా పరీక్షించాం, ఎన్నిసార్లు పరీక్షించాం, ఏం మార్చాం. కింద మావయ్య చేత సంతకం పెట్టించాను. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ సీజన్ పట్టీల ఫైల్లో అన్నిటికన్నా పైన దాచుకుంది.